తాడు పట్టుకునేవాడు ఎక్కడ నిలబడాలి

ఫిబ్రవరి 6వ తేదీ, శుక్రవారం. ఉదయం 5 గంటల 50 నిమిషాలకు భిలాయి సెక్టర్ 4లోని మా క్వార్టర్ గేటు వేసి బయలుదేరాము. ప్రయాణికులము ఇద్దరము. నా వయస్సు యాభై రెండు. ఉక్కు కర్మాగారంలో భద్రతా విభాగంలో ఇంజనీరును. రెండవవాడు నా భార్య తమ్ముడు పైడిరాజు. వయస్సు నలభై నాలుగు. రైల్వేలో గూడ్సు బండ్లు నడుపుతాడు. ఇద్దరిలో ఎవరికీ పడవ నడపడం రాదు. ఇద్దరికీ ఈత కొంత వచ్చు. నాది కొలనులో నేర్చుకున్న ఈత. అడుగు కనిపించే నీటిలో మాత్రమే పనిచేస్తుంది.

మేము వెళ్ళింది ధమ్‌తరి దగ్గరి గంగ్రేల్ జలాశయానికి. అక్కడ పదిమందిని ఒక జట్టుగా చేర్చి మూడు రోజులు కెనూ నడపడం, నదిలో ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలన్నదీ నేర్పుతారు. కెనూ అంటే రెండు కొసలూ మొనదేలి, పైన తెరిచి ఉండే సన్నని పడవ. ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుని చెరొక తెడ్డు వేస్తారు. ఈ వయస్సులో మాకు అది ఎందుకన్న ప్రశ్న కాలనీలో చాలామంది అడిగారు. వారికి చెప్పిన కారణం ఒకటి. ఇక్కడ రాస్తున్నది పూర్తి కారణం.

మా కాలనీ తెలుగువారు ఏటా వినాయకుణ్ణి శివనాథ్ నదిలో నిమజ్జనం చేస్తారు. విగ్రహంతో నీటిలోకి దిగేవారు పద్నాలుగు మంది. ఒడ్డున బాధ్యత నాది. భద్రతా విభాగంలో ఉద్యోగం గనుక ఆ పని నాకు అప్పగించడం సహజమని అందరూ అనుకున్నారు, నేను కూడా. నిరుడు విగ్రహం మునిగిన తరువాత దిగువ కొసన ఉన్న పైడిరాజును ప్రవాహం లాగింది. ఇద్దరు కుర్రవాళ్ళు ఒడ్డున ఉన్న తాడు అందుకుని లాగారు. తాడు రాలేదు. సుమారు నలభై సెకన్ల తరువాత దిగువన వల వేసుకుంటున్న ఒక జాలరి వెదురుగడ చాచి అతణ్ణి బయటికి తీశాడు. పైడిరాజు రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు.

సంఘానికి ఆ సంగతి రాసి ఇచ్చినవాణ్ణి నేనే. “తాడు చిక్కుపడినందున సహాయం ఆలస్యమైనది” అని రాశాను. అదే వాక్యాన్ని ఆ రోజు నా డైరీలో కూడా రాశాను. నేను ఇరవై మూడేళ్ళుగా డైరీ రాస్తున్నాను. తెలిసి రాసిన అబద్ధం అందులో అదొక్కటే. తాడు చిక్కుపడలేదు. దాని మీద నా కుడికాలు ఉంది. ఇనుప తొడుగు ఉన్న కర్మాగారం బూటు. కుర్రవాళ్ళు రెండవసారి లాగినప్పుడు కాలి కింద ఏదో కదిలినట్లు తెలిసింది. కిందికి చూసేసరికి వెదురుగడ వచ్చేసింది.

ఈ ఏడు ఒడ్డు బాధ్యుడి పేరు తొమ్మిదవ తేదీ సోమవారానికల్లా ఇవ్వమని సంఘం అధ్యక్షుడు అడిగారు. వారి ఉద్దేశంలో అది నా పేరే. నేను రెండు నిర్ణయాలు చేసుకున్నాను. తాడు విసరడం నేర్చుకోవాలి. సోమవారానికి ముందు పైడిరాజుకు నిజం చెప్పాలి. విన్న తరువాత అతను వద్దంటే నా పేరు ఇవ్వకూడదు. శిబిరం సంగతి అతనికి చెప్పినప్పుడు నా మాట పూర్తి కాకుండానే “నాను కూడా వస్తాను బావా” అన్నాడు. ఉత్సాహం కాబోలు అనుకున్నాను.

గేటు దగ్గర నా భార్య సత్యవతి ఒకే మాట అంది. “ఇద్దరు ఎల్తన్నారు. ఇద్దరు రావాల.” ఆమె ఇక్కడి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. ఆమె లెక్క తప్పగా నేను చూడలేదు.

పైడిరాజు నా కాళ్ళ వైపు చూశాడు. “ఏటి బావా, ఆ బూట్లు తేనేదేటి?”

“నీళ్ళలోకి అవెందుకురా?”

“అదీ నిజమేలే” అని సంచి భుజాన వేసుకున్నాడు.

భిలాయి నగర్ స్టేషనులో రాయ్‌పూర్ లోకల్ 6:31కి వచ్చింది. టికెట్టు మనిషికి పది రూపాయలు. కూర్చోవడానికి చోటు దొరికింది. పవర్ హౌస్‌లో ఎక్కిన ఒకాయన నా ఎదుట కూర్చుని, శిబిరం కోసం నా మెడలో వేసుకున్న ఈలను కొంతసేపు పరిశీలించాడు. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో లేత్ మెషీన్ నడుపుతాడట. చివరికి “సర్, కహీఁ మ్యాచ్ హై క్యా? ఆప్ రెఫరీ హో?” అని అడిగాడు. ఎక్కడైనా ఆట ఉందా, మీరు రెఫరీయా అని.

“నై భయ్యా,” అన్నాడు పైడిరాజు నా తరఫున. “డూబ్‌నే జా రహే హై. ట్రైనింగ్ హై.”

మునగడానికి కూడా శిక్షణ ఉంటుందని విని ఆయన ఆశ్చర్యపోలేదు. ఫీజు ఎంత అని మాత్రం అడిగాడు.

కుమ్హారి 7:02. అది దాటగానే ఖారూన్ నది మీది వంతెన. నీరు తక్కువగా, మట్టిరంగులో ఉంది. బోగీలో అందరూ యథాప్రకారం ఫోన్లు చూసుకుంటున్నారు. పైడిరాజు మాత్రం కిటికీ వైపు నుంచి ముఖం ఇటు తిప్పుకుని, వంతెన అయిపోయేవరకు తన చేతిగడియారం చూసుకున్నాడు. ఏటా ఈ వంతెన మీద ఎన్నోసార్లు బండి నడిపే మనిషి. నేను చూసింది చూసినట్లు రాస్తున్నాను.

రాయ్‌పూర్ 7:24. ఆటోలో భాఠాగావ్ బస్ స్టాండుకు చేరి, అక్కడ పోహా అనే అటుకుల ఉప్మా, రెండేసి జిలేబీలు తిన్నాము. ధమ్‌తరి బస్సు 8:20కి కదిలింది. వెళ్ళదలచినవారు ఎడమవైపు సీటు తీసుకోవడం మంచిది. ఉదయపు ఎండ ఆ వైపే పడుతుంది, ఫిబ్రవరిలో అది కావలసినదే. అభన్‌పూర్, కురూద్ దాటి ధమ్‌తరి 10:25. అక్కడినుంచి ఆటోలో గంగ్రేల్ అరగంట. దారిలో రెండుచోట్ల ఆవులు, ఒకచోట ఊరేగింపు. శిబిరానికి 11:05కి చేరాము. పదిన్నరకు ఉండవలసినవాళ్ళము. ఆలస్యానికి కారణం ఆవులే గాని మేము కాదని చెప్పబోతే, నేర్పే ఆవిడ వినలేదు.

ఆవిడ పేరు కౌసల్య. అందరూ దీదీ అంటారు. ముప్పై ఐదేళ్ళు ఉండవచ్చు. మహానది మీద చేపలు పట్టే కుటుంబం. పదేళ్ళ వయస్సులోనే నాన్న పడవ వెనక కొసన కూర్చుని తిప్పానని చెప్పింది. హిందీలో, మధ్యమధ్య ఛత్తీస్‌గఢీలో మాట్లాడింది. మా ఇద్దరి వృత్తులూ అడిగి, విని, “అయితే మీ ఇద్దరికీ సర్వం తెలుసు. అది మరిచిపోవడానికి ఈ రోజు సరిపోతుంది” అంది.

మధ్యాహ్నం 2 గంటలకు జలాశయంలో పాఠం మొదలైంది. నీరు కదలకుండా ఉంది. నేను ముందు, పైడిరాజు వెనక. ముందువాడు దారి చూస్తూ తెడ్డు వెయ్యాలి. వెనకవాడు తెడ్డు వేసి, చివరలో దానిని కొద్దిగా బయటికి తిప్పి, పడవ పక్కకు పోకుండా సరిచెయ్యాలి. లైఫ్ జాకెట్టు పట్టీలు బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడమంది. చెవులదాకా లేచివస్తే అది జాకెట్టు కాదు, టోపీ అంది. నా జాకెట్టు నేను ఇంటినుంచే తెచ్చుకున్నాను. అది టోపీ అని తేలింది.

నేను మొదటిసారి నీటిలో పడింది 2 గంటల 17 నిమిషాలకు. కారణం ఇది. పడవ కొద్దిగా ఎడమకు ఒరిగింది. నేను వెంటనే కుడిచేత్తో కుడి అంచు, ఎడమచేత్తో ఎడమ అంచు పట్టుకున్నాను. కర్మాగారంలో ఇరవై ఆరేళ్ళుగా నేను అందరికీ నేర్పుతున్నది అదే: అడుగు తడబడితే ముందు రెయిలింగు పట్టుకో. అక్కడ రెయిలింగు నేలకు దిగేసి ఉంటుంది. ఇక్కడి అంచు నాతోపాటే ఒరిగింది. నేను ఎంత గట్టిగా పట్టుకుంటే అంత త్వరగా తిరగబడింది.

తేలిన తరువాత పైడిరాజు అన్న మొదటి మాట: “బావా, పర్మిట్ తీసుకున్నావేటి?” కర్మాగారంలో ప్రమాదకరమైన ఏ పనికైనా ముందు నేను అడిగే కాగితం అది.

“నావ్ కో మత్ పకడో, సర్,” అంది దీదీ. “పానీ కో పకడో.” పడవను కాదు, నీటిని పట్టుకోమని. అది వేదాంతం అనుకున్నాను. కాదు, పద్ధతి. పడవ ఒరిగినప్పుడు తెడ్డు వెడల్పు భాగాన్ని నీటి మీద అడ్డంగా చరిచి దానిపై ఒక్క క్షణం ఆనుకుంటే నీరు ఆపుతుంది. నమ్మడానికి నాకు ఇంకో రెండుసార్లు పడవలసి వచ్చింది. మొదటిరోజు మొత్తం మూడుసార్లు. పైడిరాజు మూడుసార్లూ నాతోపాటు పడ్డాడు, అతని తప్పు లేకుండా. నిశ్చలమైన నీటిలో అతనికి ఏ ఇబ్బందీ కనిపించలేదు.

బస గుడారంలో. రెండు నవారు మంచాలు, రెండు రగ్గులు. రాత్రి భోజనం అన్నం, పప్పు, టమాటా చట్నీ. ఎనిమిదిన్నరకు దీపం ఆర్పాము.

7వ తేదీ, శనివారం. ఉదయం బియ్యప్పిండి అట్లు. ఇక్కడ చీలా అంటారు. మన అట్టుకు దగ్గర చుట్టం. 9 గంటలకు ఆనకట్ట దిగువన నదిలో దిగాము. అక్కడ మహానది రాళ్ళమధ్య నుంచి సన్నగా, వేగంగా పోతుంది. దిగేముందు దీదీ ఈల సంకేతాలు చెప్పింది. ఒక ఈల: తెడ్డు ఆపి నా వైపు చూడండి. మూడు ఈలలు: ఎవరో ప్రమాదంలో ఉన్నారు. నేను పుస్తకంలో రాసుకున్నాను. పైడిరాజు రెండుసార్లు వల్లించాడు.

10 గంటల 20 నిమిషాలకు, రెండు రాళ్ళమధ్య దారిలోకి ప్రవేశిస్తుండగా, దీదీ ఒక ఈల వేసింది.

నేను తెడ్డు ఆపి పైకి చూశాను. కర్మాగారంలో హెచ్చరిక మోగితే ముందు పైకి చూస్తాము, బరువుతో ఓవర్‌హెడ్ క్రేన్ వస్తూ ఉంటుంది గనుక. ఆ అలవాటు వల్ల బతికినవాళ్ళు నాకు తెలుసు. మహానది మీద పైన ఒక కొంగ పోతూ ఉంది. బరువేమీ మొయ్యడం లేదు.

వెనక పైడిరాజుకు ఈల అంటే గార్డు ఈల. గార్డు ఈల వేస్తే బండి కదలాలి. అతను బలమంతా ఉపయోగించి తెడ్డు వేశాడు. ముందు ఆగి, వెనక కదిలిన పడవ అడ్డం తిరిగింది; రాయికి ఆనుకుంది; ఎగువ నీరు అంచు మీదుగా లోపలికి వచ్చింది. ఈలకూ మేము మునగడానికీ మధ్య ఆరు సెకన్లకు మించలేదు.

ఈ భాగం రాబోయేవారు శ్రద్ధగా చదవాలి. ప్రవాహంలో పడితే నిలబడే ప్రయత్నం చెయ్యకూడదు. రాళ్ళమధ్య పాదం ఇరుక్కుంటే మోకాలి లోతు నీరు కూడా మనిషిని పడదోసి ముంచుతుంది. వెల్లకిలా పడుకుని, పాదాలు పైకి ఎత్తి, దిగువవైపు పెట్టి, చేతులతో ఒడ్డువైపు జరగాలి. పడవకు దిగువన ఉండకూడదు. నీరు నిండిన పడవ మనిషిని రాయికి నొక్కేస్తుంది. ఇవన్నీ ఉదయం చెప్పినవే. నేను పాదాలు ఎత్తాను. పైడిరాజు కోసం చూశాను.

అతను నాకు నాలుగు మీటర్ల దూరంలో ఉన్నాడు. పాదాలు ఎత్తే ఉన్నాడు. ఒక్క పొరపాటూ చెయ్యలేదు. కాని చెయ్యవలసినదేదీ చెయ్యడం లేదు కూడా. కళ్ళు తెరుచుకుని, నోరు బిగించుకుని, కొట్టుకుపోతున్నాడు. నా చేతిలో తెడ్డు ఇంకా ఉంది. దానిని చాచాను. “పైడీ, పట్టుకోరా!” అన్నాను. రెండవసారి అరిస్తే పట్టుకున్నాడు. ఇద్దరమూ ఒక ఇసుకతిన్నెకు చేరాము.

అతను కూర్చున్నాడు. వణుకుతున్నాడు. “సలి బావా,” అన్నాడు. నీరు చల్లనిదే. కాని నేను కూడా అదే నీటిలోంచి వచ్చాను, నాకు వణుకు లేదు.

దీదీ వచ్చి మా ఇద్దరినీ చూసింది. “సర్ ఆస్మాన్ దేఖ్ రహే థే,” అని మిగిలిన ఎనిమిదిమందికి వివరించింది, “ఔర్ భయ్యా గాడీ ఛుడా రహే థే.” సారు ఆకాశం చూస్తున్నారు, భయ్యా బండి కదుపుతున్నాడు. అందరూ నవ్వారు. పైడిరాజు కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఆమె చెప్పిన ఉపాయం సరళమైనది. చెవి అలవాటు మూడు రోజుల్లో పోదు. అందుచేత ఈల వినబడగానే ముందువాడు నోటితో “ఆగు” అనాలి. వెనకవాడు ఈలను కాదు, ఆ మాటను వినాలి. ఆ రోజు ఇంకా పదకొండుసార్లు ఈల మోగింది. పదకొండుసార్లూ నేను పైకి చూశాను. కాని చూస్తూ “ఆగు” అన్నాను, అతను ఆగాడు. మళ్ళీ పడలేదు.

సాయంత్రం 6:10 నుంచి 6:40 వరకు గుడారం ముందు మేమిద్దరమే ఉన్నాము. చెప్పడానికి అనువైన సమయం. ఆ అరగంటలో నాలుగు మేజోళ్ళు ఆరబెట్టి, వాటిని ఒకసారి తిరగేశాను. పైడిరాజు వాటి వైపే చూస్తూ, “ఏటో సెప్పాలనుకుంటన్నావు బావా” అన్నాడు.

“రేపు తాడు పాఠం” అన్నాను.

“అదేనేటి?”

“అదే.”

అతను తల ఊపి టీ తేవడానికి వెళ్ళాడు.

8వ తేదీ, ఆదివారం. ఉదయం 8 గంటలకు తాడు పాఠం. పదిహేను మీటర్ల తాడును చిన్న సంచిలో వదులుగా కూరి ఉంచుతారు. ఒక కొస చేతిలో ఉంచుకుని, సంచిని మనిషి మీదుగా విసిరితే తాడు దానంతట అదే విప్పుకుంటూ పోతుంది. విసిరేముందు “తాడు!” అని అరవాలి; నీటిలో ఉన్నవాడు మన వైపు చూడాలి. తాడును చేతికి చుట్టుకోకూడదు. నీటిలో ఉన్నవాడు తాడును భుజం మీదుగా గుండెకు ఆనించి, వీపు ఒడ్డువైపు పెట్టాలి. సహాయానికి కూడా ఒక క్రమం ఉంది. ముందు కర్ర చాచు. అందకపోతే తాడు విసురు. అదీ కాకపోతే పడవలో వెళ్ళు. నీళ్ళలోకి దూకడం అన్నిటికన్నా చివర. శివనాథ్ దగ్గరి జాలరి ఈ పాఠం వినకుండానే మొదటిది చేశాడు.

“ఔర్ సబ్ సే పహలే,” అంది దీదీ, తాడు సంచి పైకెత్తి చూపిస్తూ, “అప్‌నే పైర్ దేఖో.” అన్నిటికన్నా ముందు మీ కాళ్ళు చూసుకోండి. తాడు మీద కాలుపెట్టినవాడు మునిగేవాడికి ఎదురుగా నిలబడిన రెండవ నది అంది.

నేను ఆ వాక్యం రాసుకున్నాను. రాయడం పూర్తిచేసి తల ఎత్తితే అందరూ దీదీని చూస్తున్నారు. పైడిరాజు ఒక్కడే నీటివైపు చూస్తున్నాడు.

పరీక్ష 10 గంటలకు. ఒకరు ప్రవాహంలో తేలుతూ రావాలి, ఒకరు ఒడ్డునుంచి విసరాలి. అయిదింటిలో మూడు అందాలి. నిన్నటి సంగతి చూసి, నేను విసిరేటప్పుడు నీటిలో ఉండడానికి వేరొకరిని పెడతానంది దీదీ.

“నై దీదీ,” అన్నాడు పైడిరాజు. “మై హీ రహూఁగా.” తరువాత నాతో తెలుగులో, “నీల్లలో నానుంటాను. నువ్వు ఇసురు.”

మొదటిది రెండు మీటర్లు తక్కువ పడింది. రెండవది దూరం సరిపోయింది గాని అతను దాటిపోయిన తరువాత పడింది. అప్పటికి నా చేతులు తడిసి ఉన్నాయి, అందులో కొంత నది నీరు కాదని నాకు తెలుసు. మూడవది అతని రొమ్ము మీద పడింది, పట్టుకున్నాడు, లాగాను, వచ్చాడు. నాలుగవది కూడా అంతే. ఆ బరువు చేతికి తెలియడం, తాడు బిగుసుకుని మనిషి ఒడ్డుకు తిరగడం ఎలా ఉంటుందో రాయడానికి నా దగ్గర కొలత లేదు.

అయిదవది అన్నిటికన్నా బాగా పడింది. సరిగ్గా భుజం మీదుగా. పైడిరాజు దానిని పట్టుకోలేదు. తాడు అతని భుజం మీదనుంచి జారి నీటిలో పడింది. అతను ఒడ్డువైపే చూస్తూ తేలిపోయాడు. దిగువన కాపలా ఉన్న పడవవాళ్ళు ఎక్కించుకున్నారు.

“రస్సీ కంధే పర్ థీ, భయ్యా!” అని దీదీ కేకవేసింది, తాడు భుజం మీదే ఉందని.

“దిఖా నై, దీదీ,” అన్నాడు. కనపడలేదట.

భుజం మీద పడిన తాడు కనపడకపోవడం సాధ్యమేనా అని ఆలోచించాను. విసిరినవాడిగా నా అయిదవది లెక్కలోకి వచ్చింది, నేను నెగ్గాను. నీటిలో ఉన్నవాడి పాఠం పైడిరాజు మళ్ళీ చెయ్యవలసి వచ్చింది. ఈసారి రాయ్‌పూర్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు తాడు విసిరాడు. పైడిరాజు వెంటనే పట్టుకున్నాడు.

12:30కి భోజనం చేసి, దీదీకి నమస్కరించి బయలుదేరాము. ఆమె నాకు చెప్పిన చివరి మాట, ఎప్పుడు వచ్చినా ఆ టోపీ తేవద్దని. ధమ్‌తరిలో బస్సు 1:50, రాయ్‌పూర్ 4:05. దుర్గ్ లోకల్ 5:20కి కదిలింది. ఆదివారం గనుక సగం ఖాళీ. ఎదురుబదురుగా కిటికీల దగ్గర కూర్చున్నాము. ఖారూన్ వంతెన వచ్చేలోపల చెప్పాలని గడువు పెట్టుకున్నాను. సరోనా స్టేషను దాటినప్పుడు 5:33.

“పైడీ,” అన్నాను. “నిరుడు తాడు చిక్కుపడలేదురా.”

అతను కిటికీ షట్టరు పైకెత్తాడు.

“నేను దాని మీద నిలబడ్డాను.”

“తెలుసు బావా.”

వంతెన మీదికి బండి ఎక్కింది. చప్పుడు మారింది. ఈసారి అతను కిటికీలోంచి నీటినే చూస్తున్నాడు.

“ఎప్పటినుంచి తెలుసు?”

“నీల్లలో ఉన్నప్పట్నించి. మునిగి పైకి తేలితే ఎదురుగా నీ బూటే కనబడింది. దాని కింద తాడు. ఆల్లిద్దరూ లాగతన్నారు, నువ్వు నిలబడున్నావు. నాను అరుద్దామంటే నోట్లో నీల్లు.”

“మరి ఆసుపత్రిలో అడగలేదేం?”

“నువ్వు సెప్తావు గదా అని.” అయిదు వేళ్ళు చూపించి అన్నాడు: “అయిదు నెలలైంది.”

అయిదు నెలలు నిజమే.

“ఈ రోజు అయిదోసారి తాడు కనపడలేదా?”

“కనబడింది. నాను నీ కాల్లు సూస్తన్నాను. తాడుకి ఎంత దూరంలో ఎట్టేవో సూద్దామని. ఆ సూడ్డంలో పట్టుకోడం మర్సిపోనాను.”

కుమ్హారిలో బండి 5:41కి ఆగింది. చిక్కుడుకాయల గంపతో ఒక ముసలమ్మ ఎక్కి మా పక్కన కూర్చుంది. పైడిరాజు ఆమె గంప పైకెత్తి సర్దిపెట్టాడు. బండి మళ్ళీ కదిలింది.

“ఒకటే అడుగుతాను, నిజం సెప్పు,” అన్నాడు. “తాడు లాగతంటే తెలీనేదేటి నీకు? అంతసేపు ఏటి సేస్తన్నావు?”

ఎవరూ అడగని ప్రశ్న అది. నా రాతల్లో నేనే వేసుకోని ప్రశ్న. “లెక్కపెడుతున్నాను,” అన్నాను. “పద్నాలుగు మంది దిగారు. పదమూడు మందే కనిపిస్తున్నారు. జాబితా తీసి, పద్నాలుగోవాడు ఎవరా అని చూస్తున్నాను.”

పైడిరాజు నా వైపు వంగాడు.

“నానే బావా,” అన్నాడు.

తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. చాలాసేపు నవ్వాడు. ముసలమ్మ గంపను తనవైపు లాక్కుంది. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకున్నాడు. రెండుసార్లు తుడుచుకోవలసి వచ్చింది. నాకు చెప్పడానికి క్షమాపణ ఒకటి సిద్ధంగా ఉంది, మూడు వాక్యాలు. మొదటిది చెప్పాను. మిగతా రెండూ వద్దని చెయ్యి ఊపాడు.

“రేపు పేరు ఎవరిది ఇవ్వమంటావు?” అని అడిగాను.

“నీదే ఇయ్యి. నీల్లలోకి నానే దిగుతాను.” వేలు చూపించాడు. “కాని తాడు పట్టుకున్నోడు లెక్కెట్టకూడదు. ఆ జాబితా అక్కకి ఇచ్చెయ్యి. ఒక మనిసికి ఒక పని. మా బండికి కూడా గార్డు ఏరు, డ్రైవరు ఏరు.”

భద్రతా విభాగంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసినవాణ్ణి. ఈ నియమం నేను వేరేవాళ్ళకు చాలాసార్లు చెప్పి ఉన్నాను.

భిలాయి నగర్ 6:08. సెక్టర్ 4కు 6:25కి చేరాము. సత్యవతి గేటు దగ్గరే ఉంది. ఒకసారి నన్ను, ఒకసారి తమ్ముణ్ణి చూసి గేటు తీసింది. టీ తాగేటప్పుడు, పైడిరాజు ఎదురుగానే, శిబిరం సంగతులతోపాటు నిరుడు జరిగింది కూడా ఆమెకు చెప్పాను. ఆమె గ్లాసు బల్లమీద పెట్టింది. అతను గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

“రెండు కాళ్ళతోనా?” అని అడిగింది.

“కుడికాలు ఒక్కటే.”

ఆమె లేచి లోపలికి వెళ్ళింది. ఆ వ్యవధిలో నేను నిరుటి డైరీ తీశాను. రాసినదానిని కొట్టివెయ్యడం నా పద్ధతి కాదు. ఆ వాక్యం పక్కన నేటి తేదీ వేసి, తాడు చిక్కుపడలేదని, దాని మీద ఎవరు నిలబడ్డారో రాశాను. సంఘానికి ఇవ్వడానికి ఇంకో ప్రతి రాశాను. రేపు అధ్యక్షుడు ముందు అది చదివి, తరువాత పేరు సంగతి తేల్చుకోవచ్చు.

వెళ్ళదలచినవారికి చెప్పవలసినవి: గట్టి పట్టీల జాకెట్టు వారే ఇస్తారు, మీది తేవద్దు. మేజోళ్ళు నాలుగు జతలు ఉండాలి. కళ్ళద్దాలకు తాడు కట్టుకోవాలి. మూడు రోజుల్లో నేను నీటిలో పడింది నాలుగుసార్లు, అంచు పట్టుకున్నందుకు మూడు, ఆకాశం చూసినందుకు ఒకటి. తాడు విసిరింది అయిదుసార్లు, అందింది మూడు. నేర్చుకున్నది ఎంత అన్నది సెప్టెంబరులో శివనాథ్ దగ్గర తెలుస్తుంది.

సత్యవతి తిరిగి వచ్చినప్పుడు పద్నాలుగు మంది జాబితా ఆమె ముందు పెట్టి, ఈ ఏడు లెక్క ఆమెదని పైడిరాజు నిర్ణయించినట్లు చెప్పాను. మంది ఎక్కువైతే ఇబ్బందేమో అన్నాను.

ఆమె జాబితాను మడిచి కొంగున ముడివేసుకుంది. “బడిలో అరవైమంది పిల్లల్ని కుదురుగా లెక్కెడతన్నాను. పద్నాలుగుమంది మొగోళ్ళు నాకొక లెక్కేటండీ? మీకు పైకి చూడ్డమే అలవాటు. ఈసారి నిలబడేముందు ఒక్కసారి కిందకి చూడండి, చాలు.”